కిటికీలో ఊదారంగు

ఆ వేసవి మా ఇంట్లో రెండే వాసనలు. వంటింట్లో అంజూరపళ్ళ పాకం, గ్యారేజీలో కాలిన బొగ్గు. నేను హ్యూస్టన్‌లో చదువుకుంటూ సెలవులకి మా ఊరు రోజెన్‌బర్గ్ వచ్చాను. పగలంతా ఐస్‌క్రీం కొట్లో నిలబడి ఒళ్ళు హూనం చేసుకుని ఇంటికొస్తే, మా నాన్న గ్యారేజీలో వెల్డింగ్ మిషను పెట్టుకుని ఇంటి దీపాలన్నిటినీ మినుకుమినుకుమనిపిస్తుండేవాడు.

"ఏమయ్యా ఎర్విన్! మళ్ళీ నా మిక్సీ ఆగిపోయింది!" అని వంటింట్లోంచి అమ్మ కేక.

"ఒక్క రాడ్డే లియోనా, ఇదే ఆఖరు!"

"నిన్నా ఇదే ఆఖరన్నావు. మొన్నా అన్నావు. నీ ఆఖరుకి అంతూ పొంతూ ఉందా?"

మా నాన్న ఊళ్ళో చిన్న కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఏళ్ళ తరబడి అవే పాఠాలు, అవే పరీక్షనాళికలు, అవే పిల్లలు ముఖాలు మార్చుకుని వచ్చినట్టుండేది. నాలుగైదు వ్యాసాలు రాశాడు గానీ వాటిని చదివినవాళ్ళెవరంటే, ఒకటి అచ్చువేసినవాడు, రెండు మా అమ్మ. నాన్న రాసిన ప్రతి అక్షరమూ అమ్మే టైపు చేసేది. ముక్క అర్థమయ్యేది కాదు, కానీ ఎక్కడ కామా తప్పిందో చటుక్కున పట్టేసేది.

అది తొంభై ఒకటి. ఆ ఏడాది కెమిస్ట్రీ వాళ్ళందరికీ ఒకటే పిచ్చి. సాకర్ బంతి ఆకారంలో కుదురుకున్న కార్బన్. అరవై పరమాణువులు చేతులు కలుపుకుని గుండ్రంగా నిలబడితే ఒక బంతి. దాన్ని చేయడానికి పెద్ద పెద్ద యంత్రాలు అక్కర్లేదని అంతకు ముందే బయటపడింది. గాజు గంట కింద హీలియం నింపి, రెండు గ్రాఫైట్ రాడ్ల మధ్య మంట పుట్టిస్తే చాలు, నల్లటి మసి రాలుతుంది. ఆ మసిలో అక్కడక్కడా ఈ బంతులు. అంత సులువైన పని దొరికితే మా నాన్న ఊరుకుంటాడా? మంచి మసి రాలాలంటే కావలసింది ఓపిక. అదొక్కటే ఆయన దగ్గర దండిగా ఉన్న ఆస్తి.

ఆయన పాత క్లాస్‌మేటు క్వెంటిన్ రోబక్ హ్యూస్టన్‌లో పెద్ద యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు. జూన్‌లో ఫోన్ చేశాడు. "ఒరేయ్ ఎర్విన్, నా పిల్లలు చేసే సరుకంతా చెత్త. నువ్వు శుభ్రంగా ఒక సీసాడు చేసిపెట్టు. ఆగస్టు ఆఖర్లో నేనే వచ్చి పట్టుకెళ్తా. వ్యాసంలో నీ పేరు కూడా వేస్తా" అన్నాడు.

ఫోన్ పెట్టేసి నాన్న నా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. "ఒక్కటి చాలు డార్లా. నిలబడే పని ఒక్కదాని మీద నా పేరుంటే చాలు" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. పైగా కాలేజీ వాళ్ళు ఆయన ల్యాబ్‌ని సామాన్ల గది చేస్తామని అప్పటికే సణుగుతున్నారు. చేతిలో చూపించడానికేదో ఒకటి ఉంటే ఆ సణుగుడూ ఆగుతుంది.

మొదటిసారి రంగు దిగిన రోజు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ఆ మసిని పెయింటు వాసన కొట్టే ద్రావకంలో నానబెట్టి, వడకట్టి, మళ్ళీ వడకట్టి, సాయంత్రం వేళ గాజుసీసా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. పడమటి కిటికీలోంచి పడుతున్న ఎండకి అడ్డంగా పైకెత్తి పట్టుకున్నాడు. అబ్బ, ఏం రంగు! అలాంటి ఊదారంగు పువ్వుల్లోనూ చూడలేదు, పళ్ళల్లోనూ చూడలేదు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఇది... బొగ్గులోంచి వచ్చిందా?"

"అచ్చంగా బొగ్గే."

"బొగ్గు ఇంత అందంగా ఎలా ఉంటుందయ్యా?"

"ఎప్పుడూ ఇంతే లియోనా. మనకే చూడ్డం రాలేదు."

అమ్మ నవ్వింది. వాళ్ళిద్దరూ అలా ఒకే వస్తువుని చూస్తూ నిలబడటం నేను చూసిన సందర్భాలు తక్కువ. నాకే అక్కడుండటం సిగ్గేసి ఫ్రిజ్ తలుపు తీసి అందులో తలపెట్టాను.

"మరి ఇది పాడవదా? పుల్లబడటం, బూజుపట్టడం..." అమ్మకి తెలిసిన పాడవడాలన్నీ అవే.

"బొగ్గుకి చావులేదు. పాడవడమనే మాటే లేదు. మనమంతా పోయాక కూడా ఇది ఇలాగే ఉంటుంది. ఎక్కడైనా పెట్టుకో, భయంలేదు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. మూత తీయకు. తీస్తే ద్రావకం ఎగిరిపోతుంది."

ఆయన ఆ మాట ఎంత ధీమాగా అన్నాడో! కెమిస్ట్రీ చదివిన ఎవరైనా అలాగే అనుండేవారు. గ్రాఫైటు, వజ్రం, దీపపు మసి, అన్నీ కోట్ల ఏళ్ళు చెక్కుచెదరనివే కదా. కాలేజీలో వేసవికి కరెంటు ఖర్చని ఏసీలు ఆపేస్తారు, తలుపులు ఎవరు పడితే వాళ్ళు తీస్తారు. అందుకని సీసా ఇంట్లోనే, వంటింటి పక్క సరుకుల గదిలో, పచ్చళ్ళ జాడీల వెనక్కి చేరింది. వారం వారం నాన్న చేసిందంతా అందులోకే పోసేవాడు. జూలై సగానికి సీసా మెడదాకా నిండింది.

అప్పుడే మా బాబాయి వాళ్ళ ఊరు ఎల్ కాంపో నుంచి కబురు. ఆల్ఫాన్స్ బాబాయి ట్రాక్టరు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పొలంలో పత్తి తెల్లగా విచ్చుకుని తీతకి సిద్ధంగా ఉంది, తీసే దిక్కులేదు. నాన్న టోపీ తలకి పెట్టుకుని పికప్పు ఎక్కాడు.

"సీసా జాగ్రత్త" అన్నాడు అమ్మతో.

"నీకంటే దాన్నే జాగ్రత్తగా చూసుకుంటాలే, వెళ్ళు" అంది అమ్మ.

నాన్న వెళ్ళిన వారానికే అంజూరపళ్ళు విరగబడి పండాయి. పెరట్లో రెండు చెట్లు, ఇంకా చర్చి వాళ్ళు తెచ్చిపోసిన బుట్టలు. అమ్మ పాకం పట్టి సీసాలకి ఎత్తడం మొదలుపెట్టింది. సరుకుల గదిలో అడుగుపెట్టే సందు లేదు. నేను ఒకరోజు పనినుంచి వచ్చేసరికి ఊదారంగు సీసా వంటింటి తూర్పు కిటికీలో ఉంది.

ఆ కిటికీ అమ్మ సొంత రాజ్యం. పాత మందుసీసాలు, నీలం, ఆకుపచ్చ, ఎక్కడ దొరికినా ఏరుకొచ్చి వరసగా పేర్చేది. పొద్దున ఎండ పడితే సింకులో గిన్నెల మీద రంగులు పడేవి. ఇప్పుడు వాటన్నిటి మధ్యా పెళ్ళికూతురిలా ఊదారంగు సీసా. దాని చుట్టూ ఉప్పు డబ్బా, వెనీలా సీసా, ఓ నిమ్మకాయ, వంట చేస్తూ చేస్తూ ఎక్కడివక్కడ పడేసినవన్నీ.

"నాన్న చూస్తే గుండాగిపోతుంది" అన్నాను.

"ఎక్కడైనా పెట్టుకోమన్నాడుగా! చీకటి గదిలో పచ్చళ్ళ వెనకాల ఎంతకాలం కూర్చుంటుందే పాపం? నలుగురూ చూడనీ."

నలుగురేమిటి, నలభైమంది చూశారు. చర్చిలో దుప్పట్లు కుట్టే ఆడవాళ్ళంతా పనిగట్టుకుని వచ్చారు. "మీ ఆయన చేశాడా! నిజంగా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఎన్నో ఏళ్ళుగా వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది. మీ ఆయన కాలేజీలో ఏం చేస్తాడు లియోనా? దానికి అమ్మ దగ్గర జవాబు ఉండేది కాదు. ఇప్పుడు కిటికీకేసి చెయ్యి చూపిస్తే సరిపోయింది. ఆ నాలుగురోజులూ అమ్మ నడకే మారిపోయింది.

నాన్న వెళ్ళిన మూడోవారంలో అనుకుంటా, అమ్మే అంది. "రంగు కాస్త ముదిరింది చూశావా? పండుతోంది."

"పండటమేంటమ్మా?"

"అంజూరపాకం చూడు, పట్టినరోజు ఒక రంగు, నెలకి ఒక రంగు. ఇదీ అంతే అయ్యుంటుంది."

నేను చూశాను. నిజమే, ఎరుపు తిరిగిన ఊదా కాస్తా టీ డికాషన్ వైపు వెళ్తోంది. నాకూ తట్టలేదు. చరిత్ర చదివేదాన్ని నాకెలా తడుతుంది! బొగ్గుకి చావులేదని చెప్పాల్సినాయనే చెప్పాడు కదా, అనుకుని స్నానానికి వెళ్ళిపోయాను.

పత్తి తీత అయ్యాక ఒక ఆదివారం పొద్దున నాన్న తిరిగొచ్చాడు. మెడంతా కమిలిపోయి ఉంది, గోళ్ళ నిండా మట్టి. అమ్మ చర్చికి వెళ్ళింది. నేను వంటింట్లో కాఫీ తాగుతున్నాను. లోపలికొస్తూనే ఆయన చూపు కిటికీ మీద పడింది.

నాన్న అరవలేదు. మెల్లగా వెళ్ళి, అడ్డంగా ఉన్న వెనీలా సీసాని పక్కకి జరిపి, తన సీసాని తీసుకున్నాడు. ఎండకెత్తాడు. మురికి గోధుమరంగు. అడుగున బురదలా మేట. కదిపితే ఆ బురద ముక్కలు ముక్కలుగా లేచి మళ్ళీ కూర్చుంది.

"ఎప్పట్నుంచి ఇక్కడుంది?"

"నువ్వెళ్ళిన వారం నుంచి. అంజూరాలకి చోటు చాల్లేదని..."

నా మాట పూర్తవకుండానే సీసా కిందపెట్టి బయటికి నడిచాడు. పికప్పు వెళ్ళిన చప్పుడు. కాసేపటికి కాలేజీ నుంచి వేలెడంత గాజునాళిక పట్టుకుని వచ్చాడు. అదే సరుకు, జూన్‌లో మచ్చుకని కాస్త తీసి సొరుగులో పడేశాడు. రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. నాళికలోది మొదటిరోజు దిగిన రంగే, నిగనిగలాడుతోంది.

"ఇది సొరుగులో ఉంది. చీకట్లో" అన్నాడు. "అది కిటికీలో ఉంది. సరుకొకటే, బిరడాలొకటే." నావైపు తిరిగాడు. నేను ఏడుస్తాడేమో అనుకున్నాను. ముఖం వెలిగిపోతోంది! "డార్లా, వెలుతురు! వెలుతురు దీన్ని తినేస్తోంది! బొగ్గుని, వెలుతురు! ఈ సంగతి ఎవరూ చెప్పగా నేను వినలేదు!"

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, వెంటనే లేచాడు. "ఆగు. వెలుతురో, వేడో? ఆ కిటికీలో రెండూ ఉన్నాయి. నా సొరుగులో వెలుతురూ లేదు, ఆ ఎండ వేడీ లేదు. విడదీయాలంటే ఇంకో సీసా ఉండాలి. అదే కిటికీలో, అదే వేడిలో, దీని పక్కనే. కానీ వెలుతురు లోపలికి పోకూడదు. అది ఒక్కటుంటే..." అంటూ గదిలో అటూ ఇటూ తిరిగాడు. పోయింది తన వేసవంతా, తన పేరంతా. అయినా పిల్లాడిలా చేతులు తిప్పుకుంటూ తిరుగుతున్నాడు. నాన్నని అంత సంతోషంగా నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

ఇంతలో బయట అమ్మ కారు ఆగింది. నాన్న చేతులు ఆగిపోయాయి.

"అమ్మతో అనకు" అన్నాడు.

"అనకు ఏంటి? నువ్వే ఎక్కడైనా పెట్టుకోమన్నావు. తప్పు తనదేం కాదుగా!"

"నాకు తెలుసు, నీకు తెలుసు. మీ అమ్మకి చెప్పి చూడు! మా పెళ్ళిలో కొలాచీలు మాడాయని ఇప్పటికీ మా అక్కకి సారీ చెప్తుంది. ఆ రొట్టెలు మాడ్చింది మీ అమ్మ కూడా కాదు, పొయ్యి. నా సీసా తన కిటికీలో పాడైందని తెలిస్తే జన్మలో ఆ కిటికీకేసి చూడదు."

తలుపు తోసుకుని అమ్మ వచ్చింది. నాన్నని చూసి ముఖం విప్పారింది, బల్ల మీద సీసా చూసి ముడుచుకుంది. నాళిక అప్పటికే నాన్న జేబులో ఉంది.

"ఏమైంది దానికి?"

"పాడైంది లియోనా. నా పొరపాటే. బిరడా సరిగ్గా బిగించలేదు. గాలి చొరబడింది."

"బిరడానా?" అంది అమ్మ.

"బిరడానే. అంతకు మించి ఏమీ లేదు."

అమ్మ చేతిసంచీ భుజానికి అలాగే ఉంచుకుని స్టవ్ వెలిగించి గుడ్లు కొట్టడం మొదలెట్టింది. గండం గడిచిందన్నట్టు నాన్న నాకేసి చూశాడు.

రోబక్ చెప్పినట్టే ఆగస్టు ఆఖర్లో వచ్చాడు, తెల్లచొక్కా, ఖరీదైన కళ్ళజోడు. వరండాలో కూర్చోబెట్టి నాన్న చెప్పాడు. సరుకు లేదు, పాడైపోయింది, బిరడా వదులైంది.

రోబక్ ఒక క్షణం నమ్మలేదు. తరవాత పగలబడి నవ్వాడు. "ఒరేయ్ ఎర్విన్! ముప్ఫై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పావు, సీసాకి బిరడా పెట్టడం రాలేదట్రా నీకు?"

"రాలేదు చూడు" అన్నాడు నాన్న, తనూ నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో పీచ్‌పళ్ళ కేకు పళ్ళెం. రోబక్ మాట వింటూనే అక్కడే ఆగిపోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టకుండానే వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళింది. పాపం, మొగుణ్ణి అంత మాటంటే ఏ ఆడది తట్టుకుంటుంది, అనుకున్నాను. ఆ కేకు ఎవ్వరూ తినలేదు.

రోబక్ కారు మలుపు తిరగ్గానే నాన్న మీద విరుచుకుపడ్డాను. "కనీసం వెలుతురు సంగతైనా చెప్పొచ్చుగా! అదైనా నీ పేరు మీద ఉండేది!"

"చెబితే రాయాలి. రాస్తే మీ అమ్మే టైపు చేయాలి. మొదటి వాక్యమే ఏమనుంటుంది? వంటింటి తూర్పు కిటికీలో ఉంచిన సీసా, అని."

"వేరేవాళ్ళ చేత టైపు చేయించు!"

"అప్పుడు ఎందుకని అడుగుతుంది." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అదీకాక నా దగ్గర ఏముంది డార్లా? వెలుతురో వేడో కూడా చెప్పలేను. నా జేబులో నాళికతో ఎవర్ని ఒప్పించను? రాడ్లు అయిపోయాయి, హీలియం అయిపోయింది. వచ్చే ఏడాది మళ్ళీ చేస్తాలే."

వచ్చే ఏడాదికి ల్యాబ్ లేదు. అక్టోబరులోనే అందులోకి కుర్చీలు, బల్లలు చేరాయి.

ఆ వేసవి చివరి వారంలో ఇంకొకటి జరిగింది. అమ్మ కిటికీలో సీసాలన్నీ తీసి, పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెలో పెట్టేసింది. నీలం, ఆకుపచ్చ, అన్నీ. తుఫాను హెచ్చరికలున్నాయి, పగులుతాయని, అంది. తుఫాను రాలేదు, సీసాలు తిరిగి ఎక్కలేదు. ఖాళీ కిటికీని చూసి నాన్న నాతో గొంతు తగ్గించి అన్నాడు. "చూశావా? చెప్పకపోతేనే ఇంత. చెప్పుంటే?"

నేను తలూపాను. ఆయన మాటే నిజమనిపించింది.

ఆ తరవాత నాన్న కాగితాలు అమ్మ టైపు చేయలేదు. వేళ్ళు నొప్పులంది. నాన్న కూడా పెద్దగా ఏమీ రాయలేదు కాబట్టి ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. మిక్సీ ఆగిందన్న కేకలు లేవు, ఇదే ఆఖరు అన్న జవాబులూ లేవు. ఇద్దరూ ఒకరికొకరు అతి మర్యాదగా ఉండేవారు, ఇంట్లో చుట్టాలున్నట్టు. నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆ మర్యాద చూసి నాకు ఊపిరాడేది కాదు. పోట్లాడుకోండర్రా బాబూ, అని అరవాలనిపించేది.

ఆ చలికాలంలోనే ఒక పత్రిక వచ్చింది. సముద్రం అవతలి వాళ్ళెవరో తేల్చేశారు. ఆ కార్బన్ బంతులు ద్రావకంలో ఉండగా వెలుతురు పడితే పాడవుతాయట. నాన్న భోజనాల బల్ల దగ్గర చదివి, మడిచి, "బాగా చేశారు" అన్నాడు. "ఏంటది?" అంది అమ్మ. "ఏదోలే, బొగ్గు సంగతి" అన్నాడు. బంగాళదుంపలు అందుకున్నాడు. నేను బల్ల కింద పిడికిలి బిగించుకుని కూర్చున్నాను.

నాన్న పోయింది చాలా ఏళ్ళ తరవాత, మార్చిలో. అంత్యక్రియలయ్యాక ఇల్లు సర్దుతుంటే గ్యారేజీ అటక మీద ఆ గాజుసీసా దొరికింది. శుభ్రంగా కడిగి, బిరడా గట్టిగా బిగించి పెట్టుకున్నాడు. వంటింట్లోకి తెచ్చి, "దీన్నేం చేద్దామమ్మా?" అన్నాను.

అమ్మ అప్పటికి కర్ర పట్టుకుని నడుస్తోంది. సీసాని చూసి కుర్చీలో కూలబడింది.

"అది నేను పాడుచేసిన సీసా" అంది.

"నీకెవరు చెప్పారు? కిటికీ సంగతి నాన్న చెప్పాడా?"

"కిటికీ ఏంటే? బిరడా. బిరడా తీసింది నేను."

సీసాని బల్ల మీద పెట్టేసి ఎదురుగా కూర్చున్నాను.

"ఆయన అటు వెళ్ళాడు, నేనిటు తీశాను. తీయకని ఒక్కమాటే చెప్పాడు, ఆ ఒక్కటే చేశాను. కాస్త పోసుకుని మళ్ళీ పెట్టేశా. గట్టిగానే నొక్కాననుకున్నా." కళ్ళజోడు తీసి గౌనుకి తుడుచుకుంది. "ఆయన రాసినవన్నీ టైపు చేశాను డార్లా, ఒక్కటీ అర్థం కాలేదు. ఇది మాత్రం చూడగానే అర్థమైంది. అంతా ఆ హ్యూస్టనాయన పట్టుకుపోతాడు కదా, ఒక్క గుక్కెడు నాకుంచుకుందామనిపించింది. ఆయనొచ్చి బిరడా అనేసరికి, దొంగ దొరికిపోయిందనుకున్నా. కానీ ఆయన తన మీదే వేసుకున్నాడు. ఆ మనిషి వచ్చి అంతలా వెక్కిరించినా నవ్వుతూ పడ్డాడు. నా కోసమే పడుతున్నాడని తెలిసి, ఆ ముఖం ఎలా చూడను?"

"అమ్మా, బిరడా కాదు!" దాదాపు అరిచాను. "బిరడాకేమీ కాలేదు. నాన్న అబద్ధం చెప్పాడు. వెలుతురమ్మా. కిటికీలో ఎండ. నువ్వు బాధపడతావని, ఆ మాట నీ దాకా రానీయలేదు."

అమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"ఎండా?"

"ఎండే. అదో వేడో తేల్చడానికి నాన్న దగ్గర ఇంకో సీసా లేదు. ఉంటే రాసేవాడే, ఎప్పటికో అప్పటికి. అదే కిటికీలో పక్కనే ఇంకోటి ఉండుంటే చాలన్నాడు. వెలుతురు దూరనిది."

అమ్మ లేచింది. కర్ర టకటకలాడించుకుంటూ సరుకుల గదిలోకి వెళ్ళింది. జాడీలు జరుగుతున్న చప్పుడు. వచ్చి నా ముందు ఒక సీసా పెట్టింది. ముదురు తేనెరంగు గాజు, మూత చుట్టూ అంజూరసీసాలకి పోసే మైనం. వెనీలా సీసా.

"ఇందులోకే పోసుకున్నా. వెనీలా అనుకుని ఎవరూ చూడరని."

"అప్పుడు ఎక్కడ పెట్టావు దీన్ని?" అని అడిగాను. అడుగుతుంటేనే జవాబు తెలిసిపోయింది. నాన్న చెయ్యి దాన్ని పక్కకి జరపడం నేనే చూశాను.

"ఎక్కడేంటి? కిటికీలోనే. దాని పక్కనే."

చాకుతో మైనం గీకాను. లోపల అడుగున కొద్దిగా మిగిలింది. తెల్లటి పింగాణీ సాసరులోకి ఒంపాను. ఊదారంగు, చుక్క కూడా మారలేదు.

అమ్మ సాసరుని రెండు చేతులతో పట్టుకుంది. కిటికీకేసి ఎత్తబోయి, ఆగి, ఒళ్ళోకి దింపేసుకుంది.

"తిట్టుండొచ్చుగా మీ నాన్న" అంది. "ఏమే లియోనా, సీసా కిటికీలో ఎందుకు పెట్టావని ఒక్క కేక వేసుంటే, నేనూ ఊరుకునేదాన్నా? పక్కనే పెట్టిన ఇదెందుకు పాడవలేదయ్యా అని తెచ్చి ఆయన ముఖాన కొట్టేదాన్ని కదే."